నూనె లేని దీపం

ఫిబ్రవరి 5, సోమవారం

బద్వేలు దాటి ఇరవై కిలోమీటర్లు. ఎన్నడో గ్యాస్ కోసం తవ్వి, లాభం లేదని సిమెంటు పోసి వదిలేసిన బావి. అది సరిగ్గా మూసి ఉందని నేను సర్టిఫికెట్ ఇవ్వాలి. స్టేట్ ఆఫీసులో నా ఉద్యోగమే అది, చచ్చిన బావులకు డెత్ సర్టిఫికెట్లు రాయడం.

వెళ్లి చూస్తే, నేలలోంచి లేచిన ఇనుప పైపుకు పసుపు, కుంకుమ, వేపమండలు. పైపు మొదలు దగ్గర మట్టి ప్రమిద. పక్కింటి హనుమంతమ్మ రోజూ కడిగి ముగ్గేస్తుందట. ప్రమిదలో నూనె లేదు, వత్తి లేదు. జానెడు మంట మాత్రం ఉంది. నూనె పోసి మూడేండ్లాయ, అమ్మవారే ఎలిగించుకుంటాంది అని చెప్పింది, నాకు మజ్జిగ ఇస్తూ.

నవ్వాను. అంతలో నా చేతిలోని గ్యాస్ డిటెక్టర్ కూసింది. పైపు పక్కన నేల పగిలి ఉంది. ప్రమిద సరిగ్గా ఆ పగులు మీదే ఉంది, అడుగున చిల్లు పడి.

ఫిబ్రవరి 6

మా ఆఫీసులో పైఅధికారి రంగనాథ్ సారుకు ఫోన్ చేశాను. బావి దగ్గర నిప్పు ఉండకూడదన్నది రూలు, ముందు ఆర్పించి పగులు పూడ్పించు, బావిని మళ్లీ తవ్వి మూసే రిపేరు రిగ్ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. రూలంటే నాకూ ఇష్టమే. మా అమ్మ దాన్ని మొండితనం అంటుంది.

ఫిబ్రవరి 8

తడి గోనెసంచి కప్పి ఆర్పించాను. పగులు నిండా సిమెంటు. హనుమంతమ్మ అడ్డం రాలేదు. ఈడ వద్దంటే ఆయమ్మ యాడికి పోవల్లమ్మా అని మాత్రం అడిగింది. ఆమె కూతురు భువన పురిటికి వచ్చి ఉంది, నెలలు నిండాయి. డిటెక్టర్ సున్నా చూపించింది. హాయిగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

ఫిబ్రవరి 12

బావి గ్యాస్‌కు వాసన ఉండదు. వంటగ్యాస్‌కు వాసన మనం కలిపిందే. ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలియదు.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం

హనుమంతమ్మ ఫోన్. శానా సంతోషంగా ఉంది. భువనకు మగబిడ్డ, ఆసుపత్రి నుంచి నిన్ననే ఇంటికి తెచ్చారు. బాలింతకు గాలి తగలకూడదని కిటికీకి పట్టా కట్టి, తలుపు మూసి, మంచం కింద కుంపటి పెట్టారట. తర్వాత గొంతు తగ్గించింది. ఆయమ్మ మా ఇంట్లోకే వచ్చినాదమ్మా, గోడ మూల ఎలుకబొక్కలో నీలంగా కూచోనుండాది అంది.

నేను పగులు మూస్తే గ్యాస్ నేల కిందుగా ఆ ఇంట్లోకి దారి చూసుకుంది. బిడ్డను బయటికి తీసుకురమ్మన్నాను. పురుడు స్నానం కాకుండా గడప దాటించకూడదంది. అరిచాను. ఫోన్ పెట్టేసింది.

అదే రోజు, సాయంత్రం

బద్వేలులోనే ఉండబట్టి సరిపోయింది. గడప దగ్గరే డిటెక్టర్ గోల. లోపల భువన నిద్రపోతోంది. ఎలుకబొక్కలో నాలుకంత మంట, చప్పుడు లేకుండా. ఎవరినీ అడగలేదు. బిడ్డను ఎత్తుకుని పరుగెత్తాను, తల్లి అరుస్తూ నా వెనకే. మేం వీధిలోకి రాగానే లోపల భగ్గుమంది. మంచం, ఉయ్యాల తాళ్లు కాలిపోయాయి. మనుషులు మిగిలారు. అల్లాకు వెయ్యి దండాలు.

నువ్వే తరిమితివి గదమ్మా అంది హనుమంతమ్మ. నిజమే. పడుకున్నదాన్ని లేపి తన్నించుకున్నాను. నేను పోయించిన సిమెంటు నేనే పగలగొట్టించాను. గ్యాస్ ఇళ్లలోకి పోకుండా బయటే మండిపోవాలని, మళ్లీ దీపం వెలిగించమని ఆమెనే బతిమాలాను.

ఫిబ్రవరి 16

రిగ్ రావాలంటే టెండరు పిలవాలట. ఫిరోజా, దీపం ఆర్పిన ఫోటో బాగుంది, సర్టిఫికెట్ పంపెయ్ అన్నాడు సారు. పంపనన్నాను. హనుమంతమ్మ వాళ్లు ఇల్లు వదిలి చుట్టాలింటికి వెళ్లిపోయారు. ఆ వీధిలో ఇంకా ఇళ్లున్నాయి. దీపం ఆరితే ఈసారి ఎవరింట్లోకి పోతుందో. చూసుకునే మనిషి లేదు.

మార్చి 1, శుక్రవారం

రిగ్ రాలేదు. పొద్దున పైపు కడిగి పసుపు నేనే రాశాను. మంట నా వైపు వంగింది. గాలి లేదు.