బేటరీ సచ్చిపోనాది పిన్నీ

5 ఆగస్టు 2018, ఆదివారం

నా రాత బాగోదు. ఒత్తులు తప్పుతాయి. ఐదో తరగతి దాకానే చదివాను. ఎవరైనా చదివితే క్షమించాలి. ఎవరూ చదవకూడదనే రాస్తున్నాను.

బావ, అంటే మా ఆయన, నిన్న వెరావల్ వెళ్ళిపోయాడు. మా పేటలో మగవాళ్ళందరూ చేపలవేటకి గుజరాత్ బోట్ల మీదకే వెళ్తారు. మళ్ళీ వేసవిలోనే రావడం. అత్తామావలు పెద్దబావ దగ్గర ఉంటారు. ఇంట్లో నేను, షెడ్డులో బావ మోటారు బండి.

కిందటేడు బండి సంగతి నాకు తెలీలేదు. బావ వచ్చి తాళం తిప్పితే లైటు కూడా వెలగలేదు. వీధి పొడుగునా తోసుకుంటూ వెళ్ళాడు. పిల్లలు వెనకాల కేకలు. అందరి ముందూ నన్ను, ఒక్క బండిని సూడనేవు, ఇంకేటి సూస్తావే అన్నాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. సాయంత్రం దాకా బయటికి రాలేదు.

అందుకని ఈ ఏడు చార్జర్ కొన్నాడు. మెకానిక్ కొండబాబు చెప్పాడంట, తిరగని బండికి బ్యాటరీ ఊరికే దిగిపోతుందని. సీటు తీసి చూపించాడు బావ. ఎర్ర క్లిప్పు ప్లస్సుకి, నల్లది మైనస్సుకి. ముందు క్లిప్పులు, ఆ తరవాత ప్లగ్గు. ఎర్ర లైటు ఉంటే ఎక్కుతున్నట్టు, పచ్చ లైటు వస్తే నిండినట్టు. ప్రతి ఆదివారం పెట్టాలి. నా చేత అప్పచెప్పించుకున్నాడు. బండి మీద టార్పాలిన్ కప్పి, పాత వల చుట్టి తాళ్ళు కట్టాడు. బస్సెక్కేటప్పుడు చివరి మాట, ఎవుల్నీ ముట్టుకోనీకు అని.

నా గురించి ఏమీ అనలేదు.

12 ఆగస్టు

ప్లగ్గు ముందు పెట్టేశాను. క్లిప్పు దగ్గర చిటుక్కుమని మెరుపు. బయటికి పరుగెత్తాను. ఎవరూ చూడలేదు.

9 సెప్టెంబర్

ఇప్పుడు చెయ్యి తిరిగింది. పచ్చ లైటు వస్తే మనసు కుదుటపడుతుంది. ఒక పనైనా సరిగ్గా చేశాననిపిస్తుంది.

పక్కింటి గున్నమ్మ పిన్ని చేపల గంప దించి షెడ్డులోకి తొంగి చూసింది. ఏటే, బండికి పాలిస్తన్నావా, ఆదివారం ఆదివారం ఒళ్ళో ఎట్టుకుని కూకుంటావు అని నవ్వింది. పెళ్ళయి మూడేళ్ళు, పిల్లల్లేరు కదా, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆమెకి అది తట్టినట్టుంది. అమాంతం రెండు కానాగంత చేపలు నా పళ్ళెంలో పడేసి, పులుసెట్టుకో అంది.

ఆమెకి భర్త లేడు. ఒక్క కొడుకు, సోములు. అతనూ గుజరాత్‌లోనే, మంగ్రోల్‌లో వేరే బోటు మీద ఉన్నాడు. బోటు ఒడ్డుకొచ్చిన రోజు తల్లికి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఆమె జాకెట్లో పెట్టుకునే తిరుగుతుంది. నాకు జ్వరం వచ్చినప్పుడు నా పక్కనే పడుకుంది.

7 అక్టోబర్

పచ్చ లైటు. బండి హేండిల్ దగ్గర ఫోన్ పెట్టుకునే పిన్ను ఒకటి బావ వేయించాడు. తాళం తిప్పితే ఫోన్ ఎక్కుతుంది. పిన్నికి చూపించి గొప్పలు పోయాను. నీ మొగుడు బండికి అన్నీ సేయించీసినాడే, ఇంక అన్నం ఒండడమే తరువాయి అంది.

12 అక్టోబర్

నిన్న తిత్లీ తుఫాను. తెల్లారేసరికి బడిలో ఉన్నాం అందరం. ఇనుప రేకులు కాగితాల్లా ఎగిరాయి. ఈరోజు ఇంటికొచ్చాం. పిన్ని ఇంటి కప్పు సగం లేదు. కొబ్బరి చెట్లు అన్నీ ఒకే వైపు పడుకున్నాయి. కరెంటు స్తంభాలు కూడా.

మా షెడ్డు నిలబడింది. నేను ముందు ఇల్లు చూడలేదు. బండి చూశాను. పొడిగా ఉంది.

పిన్ని తన గిన్నెలు బురదలోంచి ఏరుకుంటుంటే నేను బండికున్న తాళ్ళు సరిచేసుకుంటున్నాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

14 అక్టోబర్, ఆదివారం

కరెంటు లేదు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఎవరి ఫోనూ వెలగడం లేదు. మధ్యాహ్నం టవర్ పని చేస్తోందని ఎవరో అన్నారు. షెడ్డు తలుపు వేసుకుని టార్పాలిన్ కొంచెం లేపి ఫోన్ పెట్టాను.

అప్పుడే పిన్ని పిలిచింది. తలుపు దగ్గరగా లాగి బయటికొచ్చాను.

ఏటే దేవీ, నీ బండిలో సార్జింగ్ ఎక్కుతాదన్నావు గదా, ఒక్క గడియ ఎట్టవే అంది. సోములుకి మా ఇల్లెగిరిపోనాదని ఎవులో ఒకలు సెప్పీస్తారు, ఆడు అసలే పిరికోడు, అమ్మ బతికే ఉన్నాదిరా అని ఒక్క ముక్క సెప్పీసి ఎట్టీస్తాను అంది.

బావ మాట గుర్తొచ్చింది. పిన్ని పెడితే పేటంతా వస్తుంది. బ్యాటరీ దిగిపోతే కరెంటు లేదు, మళ్ళీ ఎక్కించలేను. మళ్ళీ ఆ వీధి, ఆ తోయడం. ఇవన్నీ ఆలోచించి చెప్పానంటే అబద్ధం. నోరే చెప్పేసింది.

బేటరీ సచ్చిపోనాది పిన్నీ. లోపలికి నీళ్ళెల్లిపోనాయి.

ఆమె నా గెడ్డం పట్టుకుంది. అయ్యో తల్లీ, మరి నీ మొగుడు తిడతాడేమోనే అంది. బెంగెట్టుకోకు, నీ తప్పు కాదని నాను సెప్తాన్లే అంది.

తాళాలు బండికే ఉన్నాయి. లోపల నా ఫోన్ ఎక్కుతోంది.

సాయంత్రం బావతో మాట్లాడాను. బాగున్నావా అన్నాడు, బండి ఎలాగున్నాది అన్నాడు. రెండూ బాగున్నాయన్నాను. మంగ్రోల్‌లో సోములుకి కబురు పంపమని అడగొచ్చు. అడిగితే, నువ్వు మాట్లాడావు, మరి ఆమె ఎందుకు మాట్లాడలేదని వస్తుంది. అడగలేదు.

15 అక్టోబర్

పిన్ని ఫోన్ పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచింది. అక్కడ జనరేటర్ పెట్టారంట. క్యూలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి డీజిల్ అయిపోయింది. కాళ్ళు వాచిపోయి వచ్చింది. నేను వేణ్ణీళ్ళు పెట్టి ఇచ్చాను. సల్లగుండు అంది.

16 అక్టోబర్

రేపు చెప్తాను.

17 అక్టోబర్

చెప్పలేదు.

19 అక్టోబర్

సోములు వచ్చేశాడు.

ఆమదాలవలసలో రైలు దిగి, దొరికినంత దూరం ఆటో, ఆ తరవాత పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడక. పిన్ని గోడెక్కి కప్పు మీద గోనెలు కడుతోంది. అమ్మా అని వీధిలోనే కూలబడి ఏడ్చాడు. ఆమె దిగివచ్చి వీపు మీద బాదింది. నాను సచ్చిపోనాననుకున్నావేట్రా ఎదవా, కర్మ సేయడానికొచ్చీసినావా అని తిట్టి, తనూ ఏడ్చింది.

ఎవరో కూలిన ఇంటి ఫోటో పంపారంట. ఎన్నిసార్లు చేసినా స్విచ్ఛాఫ్. బోటు బయల్దేరుతుంటే దూకి దిగిపోయాడంట. బోటు నడిపే తండేలు ఆ గంటలోనే వేరే మనిషిని ఎక్కించుకున్నాడు. ఇంక ఈ సీజన్‌కి అతనికి బోటు లేదు.

ఒక్క ముక్క చాలు, వదినా, అమ్మ గొంతు ఒక్క ముక్క ఇనుంటే దిగకపోదును అన్నాడు నాతో.

నాతోనే అన్నాడు.

21 అక్టోబర్, ఆదివారం

ఈరోజు జరిగింది రాయకుండా పడుకోలేను.

సోములు స్పేనర్లు పట్టుకుని వచ్చాడు. వదినా, బేటరీలోకి నీళ్ళెల్లిపోనాయంట గదా, అన్నయ్యొచ్చీసరికి బాగుసేసి ఎడతాను అన్నాడు. వెనకాలే పిన్ని. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. అతను వల విప్పి, టార్పాలిన్ తీసి, బండికే ఉన్న తాళం తిప్పాడు.

లైటు వెలిగింది. అనుమానంగా సెల్ఫ్ నొక్కాడు. బండి గర్రుమని స్టార్టయింది. షెడ్డంతా పొగ.

సోములు బండి వైపు చూశాడు, నా వైపు చూశాడు. హేండిల్ దగ్గర నా ఫోన్ వైరు వేలాడుతోంది. తియ్యడం మర్చిపోయాను.

బండి శబ్దం ఒక్కటే. అప్పుడు పిన్ని, ఎండ కాసినాది గదరా, ఆరిపోయుంటాది, బతికీసినాది అంది. ఆపు, పెట్రోలు తగలెట్టకు అంది. కొడుకుని భుజం పట్టి తీసుకెళ్ళిపోయింది.

వెళ్తూ షెడ్డు తలుపు తనే వేసింది, నా ముఖం ఎవరికీ కనపడకుండా.

తిట్టి ఉంటే బాగుండును.

24 అక్టోబర్

బావ ఫోన్. సోములు సంగతి అక్కడంతా చెప్పుకుని నవ్వుతున్నారంట. ఎర్రి నాకొడుకు, తల్లి కోసం బోటొదిలీసినాడు అన్నాడు. బేటరీ ఎలాగున్నాది అన్నాడు. బాగుంది అన్నాను. నువ్వు మంచిదానివే అన్నాడు. పెళ్ళయ్యాక ఆ మాట మొదటిసారి అనడం.

28 అక్టోబర్, ఆదివారం

కరెంటు వచ్చింది. చార్జర్ తీశాను, ఎర్ర క్లిప్పు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. తాళాలు పట్టుకెళ్ళి పిన్ని ఇంట్లో చాప మీద పెట్టాను. సోములుని చేపలు బండి మీద వేసుకెళ్ళమను పిన్నీ, నడిచి అమ్మే కంటే దూరం వెళ్ళొచ్చు అన్నాను. ఆ రోజు నేను, అని మొదలుపెట్టాను.

ఆమె చేప తోముతోంది. తలెత్తలేదు. ఏ రోజే, అంది. మంచినీళ్ళట్టుకురా, సేతులు కడగాల అంది.

తెచ్చి పోశాను.

బావకి ఫోన్ చేసి బండి సోములుకి ఇచ్చానని చెప్పాను. నీ సంగతి నానొచ్చేక సెప్తాను అన్నాడు.

4 నవంబర్, ఆదివారం

చార్జర్ పెట్టలేదు. తిరిగే బండికి అక్కర్లేదంట.

ఇది ఎవరికైనా దొరికితే చదవకుండా పొయ్యిలో పెట్టండి. చదివేసి ఉంటే, గున్నమ్మ పిన్నికి మాత్రం చెప్పకండి. ఆమెకి తెలుసు.