మంచివే ఏరి తెచ్చారు

మంగళవారం, భీమవరం

సుబ్బరాజు గారు ఈరోజు మళ్ళీ మా ల్యాబ్‌కి వచ్చారు. చెరువులో రొయ్యలు గట్టు పక్కకి చేరి చచ్చిపోతున్నాయట. తెచ్చినవాటికి పీసీఆర్ చేసి, జెల్‌ని యూవీ లైటు మీద పెట్టగానే తెల్లమచ్చ వైరస్ ఉందని చెప్పే గీత మెరిసింది.

"పోయిన వారం లేదన్నారు కదండి," అన్నారు. కోప్పడినా బాగుండేది.

ఆ రిపోర్టు ఇచ్చిందీ నేనే. అప్పుడే తెలిసుంటే, ఉన్నవి పట్టించి అమ్మేసి సగమైనా దక్కించుకునేవారు. తప్పు మిషన్‌దా, నాదా?

"అప్పుడు తెచ్చినవి నీరసంగా ఉన్నవేనాండి?" అని అడిగాను. జబ్బు ముందు వాటిలోనే దొరుకుతుంది.

"అబ్బే! మేడం గారి దగ్గరికి అలాంటివి తెస్తామాండి? వల వేయించి, ఎగిరిపడుతున్నవే ఏరి తెచ్చాను."

కంటికి కనబడని వైరస్‌ని పట్టే మిషన్ ఉంది నా దగ్గర. ఆయన మర్యాద కొద్దీ చెరువులోనే వదిలేసిన రొయ్యల్ని అదెలా చూస్తుంది?

వెళ్తూ ఓ కవరు చేతిలో పెట్టారు. "బతికున్నవేనండి, కూర వండుకోండి. మనుషులకేం కాదు కదా."

ఇంటికొచ్చి విప్పాను. అన్నీ పెద్దవే, మళ్ళీ ఏరినవే. వండలేక, పారేయలేక ఫ్రిజ్‌లో పెట్టాను.