కాలిపోని తెలుపు

ఒరే శేఖరా, మన బుజ్జి మధుపర్కం ఫొటో కాలిపోలేదురా, ఎర్రంచు పక్కన తెల్లటి మడతలన్నీ తేటగా కనబడుతున్నాయి!

నిన్న ద్రాక్షారామంలో మీ చెల్లి పెళ్ళయింది. నువ్వు పోయాక ఎవరూ ముట్టుకోని నీ చిన్న కెమెరా నేనే పట్టుకెళ్ళాను. నీ పెళ్ళికి దీంతోనే ఎండలో తీస్తే, మీ ఇద్దరూ తెల్లటి మచ్చలైపోయారు. "బట్టలకొట్టు నడుపుతూ నా పంచెకి సున్నం కొట్టేశావేంటి నాన్నా!" అని పడీపడీ నవ్వావు. అప్పుడే నేర్పావు: "ఎండలో తెల్లబట్టలుంటే ముందు కెమెరాలో వెలుగు మైనస్‌కి తగ్గించి పెట్టు. చీకటిగా వస్తే తర్వాత వెలుగు పెంచుకోవచ్చు, వెలుగెక్కువై కాలిన తెలుపు మాత్రం తిరిగిరాదు."

నిన్న అలాగే పెట్టాను. పెళ్ళి ఫొటోగ్రాఫరు కుర్రాడు, "ఏంటండి బాబాయ్ గారూ, ఇంకా ఆ సబ్బుబిళ్ళంత కెమెరాయేనా?" అన్నాడు. కెమెరా తెరమీద మొహాలు నల్లగా కనబడ్డాయి. బుజ్జి కూడా, "చీకటిగా ఉంది నాన్నా" అంది.

"ఉండనీవే, అన్నయ్య చెప్పినట్టే తీశాను" అన్నాను.

ఇంటికొచ్చాక మా కోడలు, అదే నీ భార్య, కంప్యూటర్లో వెలుగు పెంచింది. పసుపు బుగ్గలతో సహా బుజ్జి నవ్వు బయటపడిందిరా! నేనైతే గంతులేశాను!

ఇక్కడ అందరికీ నేను చెబుతున్నాను. అక్కడివాళ్ళకి నువ్వు చెప్పాలి: నాయనమ్మకి, తాతయ్యకి, మండపేట పెద్దత్తకి. అందరికంటే ముందు మీ అమ్మకి చెప్పు. బుజ్జి కట్టుకున్నది తను బీరువాలో దాచి వెళ్ళిన మధుపర్కమే అని చెప్పు.