గ్రేస్‌కు నేను రాసిచ్చిన పేరు

మంగళవారం

మిద్దెపై గదిలో అద్దెకున్న టాంజానియా అమ్మాయి గ్రేస్, హగరి వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. రోజూ నా దగ్గర తెలుగు రాయడం నేర్చుకుంటుంది. ఈరోజు తన పేరు రాసిమ్మని కాగితం చాపింది. గ్రేస్ అని రాయబోతే ఆపింది.

"అది కాదక్కా. కర్రిది. అమ్మ అట్లే పిలుస్తాది కదా."

నల్లగా ఉందని అమ్మ అనే మాటను ముద్దుపేరనుకుంది! అర్థం అడిగితే "ఇంటిపిల్ల" అన్నాను. అడిగినట్టే రాసిచ్చాను.

వంటింట్లో అమ్మను నిలదీశాను. "నేనేం తిట్టినానా? ఉండేదే కదా అంటాండా," అంది.

గ్రేస్ ఆ కాగితాన్ని తలుపుకు అంటించుకుంది. బడిలో బోర్డు మీద రాసే నా గుండ్రటి అక్షరాలే. ఒక్క తప్పు లేకుండా రాశాను...