కొండ రాగి బిందె

చౌటుప్పల్, 2019

ఇత్తడి సామాన్ల ముజఫ్ఫర్ గారికి,

రిటైరైన చరిత్ర లెక్చరర్ అమరేందర్ నమస్కరించి రాయునది. నల్లగొండలో మా చెల్లెలు సావిత్రమ్మ కొత్త ఇంట్లోకి దిగుతోంది. మంచి ఇత్తడి బిందె కావాలి. దానిమీద "ఒరెయ్‌ఖాల్కోస్" అని కొట్టండి. ఇత్తడికి గ్రీకులు వాడిన మాట. "ఓరోస్" అంటే కొండ, "ఖాల్కోస్" అంటే రాగి. కొండ రాగి అన్నమాట. రోమువాళ్ళు ఆ మాట మొదటి సగంలో బంగారం ఉందనుకుని పొరబడ్డారు. ఫోనులో చెబితే మీరూ పొరబడతారని ఉత్తరం రాస్తున్నాను.

మాటల్లో తప్పులు దిద్దుతానని అలిగి ఆమె నాతో మూడేళ్లుగా మాట్లాడడం లేదు. పండుగ పూట నాకు ముద్ద దిగడం లేదు. ఈ సంగతి ఆమెకు తెలియనివ్వకండి.

ఇట్లు,
అమరేందర్

తా.క. సావిత్రమ్మ భర్త, మా బావ లింగస్వామి కూడా ఇత్తడిని చూసి బంగారమనుకునే రకమే. ఇంత వివరం అందుకే.

నల్లగొండ

అమరేందర్ సారుకు ముజఫ్ఫర్ సలాం.

మీ ఉత్తరంతో నా జ్ఞానం పెరిగింది. కానీ బిందె మీద ఇచ్చినవాళ్ళ పేరు కొట్టడం మన దగ్గర ఆనవాయితీ. ఈ ఒరెయ్‌ఖాల్కోస్ అనే ఆయన సావిత్రమ్మకు ఏమవుతాడని చుట్టాలు అడిగితే ఎవరు చెప్పాలి? మీ పేరు కొట్టమంటారా?

మీ సేవలో,
ముజఫ్ఫర్

తా.క. మా ఇంటావిడ అమీరున్నీసా అప్పుడే అడిగింది, ఆయనది ఏ ఊరని.

చౌటుప్పల్

మహాపండితులు ముజఫ్ఫర్ గారికి,

మీరు దుకాణం మూసి విశ్వవిద్యాలయం తెరవాల్సింది. అది మనిషి పేరు కాదు, లోహం పేరు! అర్థం తెలియకపోతే ఎలాగూ ఇంతే. కాబట్టి నేను రాసింది రాసినట్టు, ఒక్క అక్షరం పోకుండా కొట్టించి, బిందెను నేరుగా సావిత్రమ్మ ఇంటికే చేర్చండి.

విసిగిపోయిన,
అమరేందర్

తా.క. సొంత తెలివి వాడొద్దు.

నల్లగొండ

సారుకు సలాం.

మీ ఆజ్ఞ ప్రకారం సొంత తెలివిని పెట్టెలో పెట్టి తాళం వేశాను. మీ మొదటి ఉత్తరం మొత్తం, "నమస్కరించి రాయునది" నుంచి, రాసింది రాసినట్టు కొట్టించాను. బిందె చాలక మీ తా.క. మూత మీదికి ఎక్కింది. నిన్న గృహప్రవేశంలో ఇచ్చి వచ్చాను. పాలు పొంగేలోపు అందరూ చదివేశారు.

మాట తప్పని,
ముజఫ్ఫర్

తా.క. "ఆమెకు తెలియనివ్వకండి" అన్న వాక్యం ముఖ్యమనిపించి పెద్ద అక్షరాల్లో కొట్టించాను.

చౌటుప్పల్

ముజఫ్ఫర్,

నా కొంప ముంచావు! ఇక ఆ ఇంటి గడప తొక్కగలనా? ఉన్న ఒక్క చెల్లెలు! ఏమన్నది? వెంటనే రాయి.

అమరేందర్

తా.క. అప్పుడు బావ కళ్ళజోడు పెట్టుకున్నాడా?

నల్లగొండ

సారుకు సలాం. ఫికర్ చేయకండి.

సావిత్రమ్మ బిందె చుట్టూ తిరుగుతూ చదివింది. "ముద్ద దిగడం లేదు" దగ్గర ఆగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "గీ ఒక్క మాట మాయన్న నోటితోని జెప్పితే ఏం బోతుండె? ఆదివారం తిననీకి రమ్మను. కొండ రాగి ముచ్చట తీస్తే మాత్రం వాకిట్లకెళ్ళే వాపస్ పంపిస్త" అన్నది.

తప్పకుండా వెళ్ళండి.
ముజఫ్ఫర్

తా.క. బావగారు కళ్ళజోడు పెట్టుకునే చదివారు. పొద్దున జవాబు కొట్టించడానికి మా దుకాణానికి వచ్చారు. ఆ మాటలు బిందె మీద కొడితే రేపు దాంట్లో నీళ్ళు ఎవరూ తాగరని బతిమాలి పంపించాను. ఆదివారం స్వయంగా చెబుతారట.