సాయిలు పెట్టిన వాత

1948 అక్టోబరు, శుక్రవారం రాత్రి. బాన్సువాడ.

బోర్లా పడుకుని రాస్తున్నాను. నడుము మీద వాత ఇంకా మండుతోంది.

నవాబు రాజ్యం పోయి ముసల్మానుల మీద దాడులు జరిగిన వారంలో హకీం సాహెబును ఆయన దవాఖాన మెట్ల మీదే కర్రలతో కొట్టి చంపారు. పన్నెండేళ్లుగా నా నడుము నొప్పిని అదుపులో పెట్టింది ఆయన తైలమే. ఇప్పుడు సీసా అడుగంటింది. నేను లేచి నిలబడలేకపోవడం చూసి మా పెద్దోడు వర్ని నుంచి వాతలు పెట్టే సాయిలును పిలిపించాడు.

వాడు కొడవలి ఎర్రగా కాల్చి మొదటి వాత పెట్టాడు. నా అరుపు వీధికి వినబడకూడదని చీర చెంగు కొరికాను. రెండో వాతకు కొడవలి కాలుస్తూ వాడు నవ్వాడు.

"కదలకు అవ్వా. గా హకీం ఎన్నేండ్లు రాసినా పోలే గదా? మేం నాలుగు దెబ్బలల్ల హకీంనే పండవెట్టినం. గీ నొప్పి ఎంత?"

వాడు దగ్గరికి తేగానే ఆ కొడవలి పిడి పట్టి లాక్కుని వాడి ముంజేతికి ఆనించాను. చర్మం కాలిన కమురు వాసన వచ్చింది. "ముసల్దానికి పిచ్చి లేసింది" అని అరుస్తూ వాడు పారిపోయాడు.

"ఏందమ్మా గిట్ల జేస్తివి? ఇగ నీకు మందెవడిస్తడు?" అన్నాడు పెద్దోడు.

ఆ తైలం కాచేది హకీం భార్యే. తలుపులు బిగించుకుని లోపలే ఉంటోంది. రేపు పెద్దోడి భుజం పట్టుకునైనా వెళ్లి అడగాలి. ఇస్తుంది, మనిషి అలాంటిది. తనే రాస్తానంటుంది కూడా. రాస్తూ, ఈ వాత ఎవరు పెట్టారని అడుగుతుంది.

పేరు దాచి ఆమె చేత రాయించుకోలేను. చెబితే వాడన్న మాటా చెప్పాలి; అది విని ఆమెకున్న ఇద్దరు కొడుకులు వాడి మీదికి పోకుండా ఊరుకుంటారా...