తాడుకు అవతల

గోదావరిఖని,
ఆదివారం.

అత్తమ్మకు వనిత దండాలు. ఇక్కడ నేనూ పాపా మంచిగానే ఉన్నాం. ఖానాపూర్‌లో మీరు, ఆడబిడ్డ తిరుమల, పిల్లలు అందరూ క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను.

పాప అన్నం తింటోందా అని అడిగారు. ఇప్పుడు తింటోంది. మీరు పంపిన మురుకులు రెండు రోజుల్లోనే అయిపోయాయి. "బాపు ఎప్పుడొస్తడు" అని అడగడం మాత్రం మానేసింది. అడిగినప్పటికన్నా ఇదే ఎక్కువ కష్టంగా ఉంది. ఆయన పోయాక కంపెనీ ఇచ్చిన పనికి వెళ్తున్నాను. ఆఫీసులోనే పని, ఆయనలా బొగ్గు బాయిలోకి దిగేది లేదు. ఫికర్ చేయకండి.

ఇక మీ ఉత్తరంలో చివర రాయించిన మాట. "బిడ్డా, నా కొడుకు మొండితనానికి పోయి నీ బతుకు ఆగం జేసిండు. వాని తరఫున నేను నీ కాళ్లు మొక్కుత, మాఫ్ చెయ్యి." అది చదివాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. తిరుమలా, అవ్వకు ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే కదా. ఇక ముందు ఏం రాసి ఉన్నా ఆపకుండా చదువు.

అత్తమ్మా, మీ కొడుకు మొండితనానికి పోలేదు. తాడు దాటింది నేను.

అండమాన్ చూడటానికి పోయిన రెండో రోజు పొద్దున మా ఇద్దరినీ పడవలో తీసుకెళ్లారు. కళ్లకు అద్దం, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ అడుగున చేపల్ని చూడాలి. స్నార్కెలింగ్ అంటారు. గైడ్ ముందే అన్నీ చెప్పాడు. నీళ్ల మీద హద్దుగా కట్టిన తాడు దాటవద్దు, రాళ్ల పక్కకు పోవద్దు, అల ఎత్తి రాళ్ల మీద కొడుతుంది, ఒకవేళ కొట్టుకుపోయినా రాయిని పట్టుకోవద్దు, చెయ్యెత్తి పిలవాలి అని. ఆయన సంగతి మీకు తెలియనిదా? బాయిలో పైకప్పును కట్టెతో తట్టి చూడనిదే ఒక్క మనిషినీ ముందుకు పోనివ్వడు. అక్కడా గైడ్‌ను రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. నా లైఫ్ జాకెట్ బెల్టు తానే బిగించాడు. "నా పక్కపొంటే ఉండు, ఎటూ పోకు" అన్నాడు.

నేను పోయాను. పసుపు రంగు చేపల గుంపు ఒకటి రాళ్ల సందులోకి వెళ్తుంటే వాటి వెంట పోయాను. నీళ్లు ఒక్కసారి గుంజినట్టయి తల ఎత్తి చూస్తే తాడు ఎక్కడో ఉంది, రాయి ఎదుటే ఉంది. భయంతో దాన్నే పట్టుకున్నాను. చేతులు కోసుకుపోయాయి. ఆయన ఈదుకుంటూ వచ్చి, "వనితా, రాయి ఇడిశిపెట్టు! నా దిక్కు చూడు, ఇడిశిపెట్టు!" అని అరిచాడు. నేను వదలలేదు. ఆయనే నా వేళ్లు విడిపించి నన్ను వెనక్కి తోశాడు. వెంటనే ఇంకో అల వచ్చింది. అప్పటిదాకా నేనున్న చోట ఇప్పుడు ఆయన ఉన్నాడు. తల రాయికి కొట్టుకుంది.

పడవలో కాసేపు తెలివిలోనే ఉన్నాడు. "ఆఖరికి ఏమన్న అన్నడా బిడ్డా" అని మీరు అడిగితే ఏమీ అనలేదన్నాను. అన్నాడు. నా చేతులు చూసి, "బాగ కోసుకున్నయా?" అన్నాడు. అంతే. ఒడ్డు చేరేసరికి లేడు.

ఆసుపత్రిలో పోలీసులు అడిగినప్పుడు, ఆయనే రాళ్ల దిక్కు పోయాడని, నేను పిలవడానికి వెళ్లానని చెప్పాను. నోటికి ఆ అబద్ధం ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత అందరూ అదే నమ్మారు. దినాల నాడు పెద్దమనుషులు "గంత తెలివిగల్లోడు గట్లెట్ల చేసిండు" అంటుంటే మీరు తల దించుకుని కూర్చున్నారు. నేను మీ పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

నన్ను మాఫ్ చేయమని అడగడం లేదు అత్తమ్మా. సంవత్సరీకానికి రమ్మన్నారు. ఇది విన్నాక కూడా రమ్మంటే వస్తాను, వచ్చి ఆ పెద్దమనుషుల ముందే చెబుతాను. నా ముఖం చూడలేనంటే పాపను మాత్రం పంపిస్తాను. ఏది చెప్పినా సరే. కానీ ఆయన్ని ఇంకెప్పుడూ మొండివాడు అనకండి.

ఇట్లు,
మీ కొడుకు ప్రాణం ఇచ్చి కాపాడిన కోడలు,
వనిత